కంటికి కనిపించని గుడ్లు

సముద్రం ఒడ్డున ఇసకపాలెంలో గౌరినాయుడి ఇల్లంటే చెప్పింది చెప్పినట్టు చేసే ఇల్లు. "లోకంలో అందరికీ చెవులున్నాయి. వినడం మాత్రం మనకే వచ్చు" అనేవాడాయన. భార్య వరహాలు, అత్తగారు అప్పలనరసమ్మ "మరే, మరే" అనేవారు.

ఆయన ఆరేళ్ళ కూతురు పైడితల్లికి, చింతపిక్క అనే కుక్కకి ప్రాణస్నేహం. పొద్దస్తమానం ఇద్దరూ ఇసుకలోనే. ఓ రోజు పిల్లకి కడుపునొప్పి పట్టుకుంది. అన్నం సయించదు. చింతపిక్క కూడా డొక్కలు ఎండి, పొట్ట ఉబ్బి, మూలన పడుకుంది.

డాక్టరమ్మ వచ్చి చూసింది. "కుక్క కడుపులోని పురుగులే పాపకీ వచ్చాయి" అని పిల్లకి మందు తనే తాగించింది. పశువుల డాక్టరు దగ్గరికి మనిషిని పంపి కుక్కకీ మాత్ర తెప్పించింది. "కుక్కకి పశువుల డాక్టరు ఈ మాత్ర ఇచ్చారు. మాంసం ముక్కలో దాచి పెట్టండి. తినే ముందు పాప చేతులు సబ్బుతో కడగండి. చెప్పులు లేకుండా బయటికి వెళ్ళకండి."

"కుక్కని తరిమేస్తే పోలా?" అంది అప్పలనరసమ్మ.

"ఆదివారానికి పిల్ల లేచి తిరక్కపోతే దాన్ని పడవెక్కించి ఏటి అవతలి ఒడ్డున దింపేస్తాను" అన్నాడు నాయుడు. పైడితల్లి బావురుమంది.

ఇంకేముంది, వైద్యం మొదలైంది. వరహాలు పిల్ల చేతులు కడిగింది. పిల్ల ఒక ముద్ద తింది. రెండో ముద్ద ఎత్తబోతే నాయుడు "ఆగు! ఇదీ తినడమే కదా! కడుగు!" అని కేకేశాడు. అంతే, ముద్దకోసారి సబ్బు. సాయంత్రానికి సబ్బు అరిగింది, అన్నం తరగలేదు.

మర్నాడు పెద్దవాళ్ళు ముగ్గురూ ఉత్త కాళ్ళతో బజారులో నడుస్తుంటే డాక్టరమ్మ ఎదురైంది. "చెప్పులేవయ్యా?"

"ఇవిగోనమ్మా!" అని ముగ్గురూ చంకల్లోని చెప్పులు తీసి చూపించారు. "ఇవి లేకుండా గడప దాటితే ఒట్టు!"

"కాళ్ళకి తొడుక్కోవాలయ్యా!"

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ!"

డాక్టరమ్మ తల పట్టుకుంది. "కుక్కకి మాత్రన్నా వేశారా?"

"దాచాను తల్లీ" అంది అప్పలనరసమ్మ.

"ఎక్కడ?"

"నాకు తెలిస్తే అది దాచడం ఎలా అవుతుంది?"

డాక్టరమ్మ పరుగున వాళ్ళింటికి వచ్చింది. అందరూ ఇల్లంతా తిరగేశారు. మాత్ర జాడ లేదు. "రేపే ఆదివారం" అని పైడితల్లి వెక్కివెక్కి ఏడ్చింది. ఇంతలో చింతపిక్క ముక్కు ఎగబీల్చి, తూలుకుంటూ వెళ్ళి, బియ్యం డబ్బా వెనక గోనెలోంచి ఎండు మాంసం ముక్క లాగి, మాత్రతో సహా గుటుక్కున మింగేసింది.

"దొంగముండ! దాచిందంతా తినేసింది!" అని ముగ్గురూ కర్రలు ఎత్తారు.

"తినాల్సింది అదేనయ్యా!" అని డాక్టరమ్మ అడ్డుపడింది. ముద్దకోసారి చేతులు కడుగుతున్నారని పైడితల్లి చెబితే, తల కొట్టుకుని అంది: "సబ్బు కూడా ముద్దకోసారి కాదు, పూటకోసారి!"

ఆదివారం పొద్దున్నే పైడితల్లి లేచి "అమ్మా, ఆకలి!" అంది. వరహాలు కళ్ళు తుడుచుకుంది. చింతపిక్క పడవెక్కలేదు.

డాక్టరమ్మ సంతోషించి, "ఇక మళ్ళీ రాకుండా చూసుకోండి. పురుగుల గుడ్లు కుక్క మలంలోంచి ఇసుకలోకి చేరతాయి, కంటికి కనిపించవు. అందుకే కుక్క మలం ఎప్పటికప్పుడు పాతిపెట్టండి" అని చెప్పి వెళ్ళింది.

"విన్నారా? కంటికి కనిపించవట!" అన్నాడు నాయుడు. "కళ్ళు తెరిచి వెతికితే ఎలా దొరుకుతాయి? అందరూ మూసుకోండి! దొరికినవి దొరికినట్టు పాతేద్దాం!"

అంతే! ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసుకుని, ఇసుకలో మోకాళ్ళ మీద పాకుతూ తడమడం మొదలెట్టారు. కాసేపటికి అప్పలనరసమ్మ చేతికి అల్లుడి బట్టతల తగిలింది.

"దొరికింది! గుమ్మడికాయంత ఉంది! వెచ్చగా ఉంది, ఇప్పుడే పెట్టినట్టుంది!"

"వదలకు అత్తా! గొయ్యి తవ్వుతున్నాను!"

"అల్లుడూ, గుడ్డు మాట్లాడుతోంది!"

"అయితే పిల్లయ్యే వేళైంది! తొందరగా పాతెయ్యి!" అన్నాడు గౌరినాయుడు, తల వంచి ఇసుక తోడుతూ.