గేటు దాకా వచ్చే గుర్రం

ఆగమయ్యగారు జీవితంలో ఒక్క గుర్రపు పందెం చూడలేదు. పందెపు గుర్రాలను మాత్రం చూడని రోజు లేదు. ఆయన వృత్తికి దర్జీ. జాకీలు తొడుక్కునే రంగురంగుల చొక్కాలూ, గుర్రాల వీపు మీద కప్పే గుడ్డలూ ముప్పై ఏళ్లుగా ఆయన మిషన్ మీదే తయారవుతున్నాయి. ఆ పరిచయంతో పొద్దున్నే ఆయన్ని మైదానం లోపలికి పోనిస్తారు. కంచె దగ్గర నిలబడి గుర్రాల సాధన చూసి, ఇంటికొచ్చి, టీ తాగి, అప్పుడు మాకు తత్వం చెప్పేవారు. అక్కడ ఏం చూస్తారండీ అని అడిగితే, "పందెం నాడు ఎవ్వరు గెలిచిండ్రన్నదే కనవడ్తది. పొద్దుగాల వస్తె గుర్రాలు కనవడ్తయి" అనేవారు.

ఆయన శిష్యుల్లో కేశవులు ఒకడు. గడియారాలు బాగుచేసేవాడు. వయసు నలభై దాటింది. గురువుగారి దగ్గర పదిహేనేళ్ల నుంచి ఉన్నాడని పేరే గానీ, మధ్యలో మూడుసార్లు పారిపోయాడు. ఒకసారి కోపం వచ్చి, ఇంకోసారి సిగ్గుపడి. మూడోసారి ఎందుకు పోయాడో వాడికే తెలియదు. తిరిగొచ్చిన ప్రతిసారీ గురువుగారు "బువ్వ తిన్నవా?" అన్నారే తప్ప మరో మాట అడగలేదు. అది చూసి మాకు ఒళ్లు మండేది. కుదురుగా కూర్చున్నవాళ్లం మేము, ముద్దు వాడికి.

జోగిపేటలో మాలాంటివాళ్లే ఓ పాతిక మంది ఉన్నారు. వాళ్లకు తత్వం చెప్పే పెద్దాయన ఆ ఏడు కాలం చేశారు. ఎవరినైనా పంపండి, లేకపోతే ఇక కలుసుకోవడం మానేస్తామని కబురు పెట్టారు. గురువుగారు అందరి ముందూ కేశవులును జోగిపేటకు పొమ్మన్నారు. మర్నాడు పొద్దున ఆయన మైదానానికి బయల్దేరేసరికి వాడు గుమ్మం ముందే నిలబడి ఉన్నాడు. నేనూ వెంట ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

"గురువుగారూ, నాతోని కాదు" అన్నాడు దారిలో. "మూడుమాట్ల పారిపోయినోన్ని. నాకే నిలకడ లేదు. నేను ఒకలకు తొవ్వ చూపుతనా? ఎవలన్న గట్టోన్ని పంపుండ్రి."

గట్టోడు అన్నప్పుడు నా వైపు చూశాడు. నేను వినయంగా తల దించుకున్నాను గానీ, కాదని మాత్రం అనలేదు. గురువుగారు మా ఇద్దరినీ దాటి ముందుకు నడిచారు.

మేము వెళ్లేసరికి మైదానంలో మంచు ఇంకా విడలేదు. గుర్రాలు కనిపించకముందే డెక్కల చప్పుడు వినిపిస్తోంది. కంచె దగ్గర మొగులయ్య అనే సాయీసు ఒక ముసలి గుర్రాన్ని పట్టుకుని ఉన్నాడు. గుర్రాల ఆలనాపాలనా చూసేవాళ్లను అక్కడ సాయీసులంటారు. కాగితాల మీద ఆ గుర్రం పేరు తూఫాన్ కింగ్. చూస్తే నడుము వంగి, కింది పెదవి వేలాడి, కునికిపాట్లు పడుతోంది. అందరూ దాన్ని తాత అనే పిలుస్తారు.

ఆ రోజు గుల్‌నార్ అనే రెండేళ్ల గుర్రప్పిల్లకు గేటు పరీక్ష. పందెం మొదలయ్యే చోట ఇనుప అరలు వరసగా ఉంటాయి. ఒక్కో అరలోకి ఒక్కో గుర్రాన్ని పంపి వెనక తలుపు మూస్తారు. గంట మోగగానే ముందు తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. ఆ ఇరుకులో నిలబడలేని గుర్రం గాలిలా పరుగెత్తేదైనా సరే, పందేనికి రానివ్వరు. గుల్‌నార్ ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే దాన్ని అమ్మేస్తారని మొగులయ్య చెప్పాడు. చిన్నప్పటి నుంచి దాన్ని సాకినవాడు అతనే. చెప్పేటప్పుడు మా మొహాలు చూడలేకపోయాడు.

"మంచిగ పందాలు గెలిచిన గుర్రాన్ని పక్కకు నిలవెట్టరాదా? దాన్ని చూసి నేర్సుకుంటది" అన్నాడు కేశవులు.

"పోయిన వారం పెట్టినం సారూ. గెలిచే గుర్రానికి ఎప్పుడు ఉరుకుదునా అని ఆగమాగం. అది తన్నుడు జూసి పిల్ల ఇంకింత బెదిరి, నుదురు పగులగొట్టుకున్నది."

"మరి గీ తాత ఎన్ని గెలిచిండు?"

"ఒక్కటి లేదు" అని మొగులయ్య నవ్వాడు. "గేట్లకు పో అంటె రెండేండ్లు సతాయించింది. లోపటికి పోతది, మల్ల ఎన్కకు ఉరుకుతది. నా చెయ్యి ఇరిగింది దీనితోనే." వంకరగా అతుక్కున్న మణికట్టును అదేదో బహుమతిలా చూపించి, దాని మెడ మీద ఒక్కటి చరిచాడు. "కాని పక్కపొంటి గుర్రం ఎంత ఆగంజేసినా దీనికి చిరాకు రాదు. గందుకె దీన్ని అమ్మనియ్యలే."

తాతను గేటు దగ్గరకు నడిపించాడు. అది అరలోకి పోయి, ఒక వెనక కాలికి విశ్రాంతి ఇచ్చి, కళ్లు సగం మూసుకుంది. పక్క అర ముందు గుల్‌నార్ ఆగిపోయింది. ఒళ్లంతా వణుకు. నలుగురు మనుషులు వెనక నుంచి నెట్టబోతే వెనక్కి తన్నింది. మళ్లీ తెచ్చారు, మళ్లీ తిరగబడింది. పరీక్షించే దొర గడియారం చూసుకున్నాడు. తాత కదల్లేదు. పిల్ల మూడోసారి వెనక్కి పోయినప్పుడు మాత్రం ఒక్కసారి ముక్కుతో మెల్లగా బుర్రుమంది. గుల్‌నార్ చెవులు అటు తిరిగాయి. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఎవరూ నెట్టకుండానే లోపలికి వెళ్లింది.

వెనక తలుపు మూశారు. గంట మోగింది. తలుపులు తెరుచుకోగానే గుల్‌నార్ బాణంలా మంచులోకి దూసుకుపోయింది. దొర ఏదో రాసుకుని తల ఊపాడు. మొగులయ్య తలగుడ్డ తీసి కళ్లు తుడుచుకున్నాడు. అందరూ పిల్ల పోయిన దిక్కే చూస్తుంటే, తాత తీరిగ్గా అరలోంచి బయటికొచ్చి, రెండడుగులు వేసి, గడ్డి కొరకడం మొదలుపెట్టింది.

కేశవులు ఒక్కడే దాన్ని చూస్తున్నాడు. వాడి మొహం చూశాక, వాడి మీద నాకు ఇన్నేళ్లుగా ఉన్న ఉక్రోషం నిలవలేదు. నన్నెందుకు పంపలేదో కూడా అప్పుడే అర్థమైంది. సంతోషించాల్సిన విషయం కాదు, అయినా ఎందుకో హాయిగా అనిపించింది.

మొగులయ్య తాతను కంచె దగ్గరికి తెచ్చాడు. గురువుగారు దాని నుదురు గోకుతూ నిలబడ్డారు. కేశవులు ఆయన పక్కకు వచ్చాడు.

"పోత గురువుగారూ, ఇయ్యాలనే పోత. కాని ఒక్క మాట. వాళ్లు నన్ను దాటి పోతె, అప్పుడు నేనేం గావాలె?"

గురువుగారు గుర్రాన్ని గోకడం ఆపి, వాడి వైపు తిరిగారు.

"నన్ను జూడు" అన్నారు. "మంచిగనే ఉన్న గదా."