గురక మీద అప్పీలు

అనగనగా ఒక అడవికి రెండు కోర్టులు. కొండ కింద కోర్టులో ఎలుగుదొర తీర్పు చెప్పేవారు. ఆ తీర్పు నచ్చనివాళ్లు కొండెక్కి పెద్దేనుగమ్మ దగ్గర అప్పీలు పెట్టుకునేవాళ్లు.

కింద కోర్టంటే జాతరే అనుకోండి. సాక్షులొస్తారు, ఏడుస్తారు, అడవి తరఫు వకీలు కుక్క గొంతు పోయేదాకా మొరుగుతుంది, కోతులు కొమ్మలు విరిగేలా ఎక్కి కూర్చుని చూస్తాయి. పైకోర్టులో ఆ సందడేం ఉండదు. కొత్త సాక్షిని తేకూడదు, కొత్త ముక్క చెప్పకూడదు. కింద ఎవరేమన్నారో ముత్యాలు అనే గోరింక పొల్లుపోకుండా అప్పజెబుతుంది. మధ్యలో ఎవరైనా దగ్గి ఉంటే ఆ దగ్గుతో సహా. అదే రికార్డు. అందులో లేనిది పైన చెల్లదు.

పైకోర్టులో అడవి తరఫు వకీలు చుక్కమ్మ. నుదుట తెల్లచుక్క ఉన్న బర్రె. మడుగులో మెడదాకా దిగి, ముత్యాల్ని కొమ్ము మీద కూర్చోబెట్టుకుని, రికార్డు మొదట్నుంచి చివరిదాకా వినడం, విన్నది నెమరేయడం, మళ్లీ వినడం. ఆవిడకి తెలిసిన వకాల్తా అంతే. కుక్కకి ఇదంతా వేళాకోళంగా ఉండేది.

"నేను ఒక్కపూటలో గెలిచిన కేసుని నాలుగు రోజులు నములుతావేంటి చుక్కమ్మా?"

"నా పొట్టకి నాలుగు గదులున్నాయి నాయనా. గదికో రోజు," అనేది చుక్కమ్మ.

ఈసారి వచ్చింది మాత్రం నక్క సత్తెయ్య కేసు. ఆ పేరు పెట్టిన మహాతల్లికి దణ్ణం పెట్టాలి. సీతాలు అనే కౌజుపిట్టకి ఏడుగురు పిల్లలుంటే వాడు ఐదుగుర్ని తినేశాడు. కళ్లారా చూసింది ఒక్క కొంగ. అది సాక్ష్యం చెప్పింది, ఎలుగుదొర శిక్ష వేశారు. జన్మంతా వాగు అవతలే బతకాలి, ఇవతల కాలు పెట్టకూడదు. అప్పీలు తేలేదాకా సత్తెయ్యని ముళ్లకంప మధ్య కూర్చోబెట్టి కుక్కని కాపలా పెట్టారు.

అప్పీల్లో వాడు రాయించింది ఒక్కటే మాట. "నేను నా గోడు చెప్పుకుంటుంటే దొర నిద్రపోయారు. నా మాట వినకుండా వేసిన శిక్ష చెల్లదు."

సీతాలు మడుగు ఒడ్డుకి పరిగెత్తుకొచ్చింది. మిగిలిన ఇద్దరు పిల్లలూ చెరో రెక్క కింద దాక్కున్నారు.

"అక్కా, దొర నిద్రపోయిన మాట నిజమేనా?"

"నిజమేనమ్మా. రికార్డులో గురక ఉంది."

"అయితే ఏం చేస్తారు?"

"విచారణ మళ్లీ మొదట్నుంచి జరపమంటారేమో."

"కొంగ వలస వెళ్లిపోయిందక్కా. మళ్లీ చలికాలానికి గానీ రాదు. వస్తుందో రాదో కూడా తెలీదు. సాక్షి లేకపోతే వాణ్ణి వదిలేస్తారు. వాడి బొరియకీ మా పొదకీ మధ్య పది అడుగులు."

చుక్కమ్మ ఒడ్డుకి దగ్గరగా జరిగింది. "ఆ గురక పెట్టినప్పుడు వాడేం చెప్పాడు తల్లీ? నువ్వక్కడే ఉన్నావుగా," అని అడిగింది.

సీతాలు తల దించేసుకుంది. "గుర్తులేదక్కా," అంటూ రెక్కలు ఇంకా దగ్గరికి ముడుచుకుంది. ఆ భయం చూసి చుక్కమ్మ మరి రెట్టించలేదు.

కుక్క మాత్రం ఓ సలహా పట్టుకొచ్చింది. "ముత్యాలుకి దోసెడు జొన్నలు పడేసి, గురక ముక్క మింగెయ్యమను. పీడా పోతుంది."

"గురక ఉంది. ఉన్నది ఉన్నట్టే వినిపిస్తుంది. నక్కని పట్టుకోడానికి మనం నక్కలం కావాలా?" అని చుక్కమ్మ మళ్లీ నీళ్లలోకి దిగింది.

ఒకసారి విన్నది. రెండుసార్లు విన్నది. మూడోసారి గురక దగ్గరికొచ్చేసరికి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఆగు ముత్యాలూ. గురకకీ గురకకీ మధ్య సన్నగా ఏదో ఉంది. ఏంటది?"

"గుసగుస. అది చెప్పమంటావా?"

"చెప్పు."

ముత్యాలు చెవి దగ్గరికి జరిగి చెప్పింది. చుక్కమ్మ నమలడం ఆపేసింది. ఆవిడ నమలడం ఆపగా అడవిలో ఎవరూ చూసి ఎరగరు.

"ఇది సత్తెయ్య విన్నాడా?"

"లేదు. గురక మోత ఒక్కటే పలికించుకున్నాడు. చాల్లే, మిగతా సోది ఎవడు వింటాడు, అన్నాడు."

అప్పీలు రోజున కొండంతా నిండిపోయింది. సత్తెయ్య తోక చుట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ముత్యాలు గురక పెట్టి వినిపించింది. కోతులు పొట్ట పట్టుకుని నవ్వాయి. ఎలుగుదొర ఆకాశం వంక చూశారు.

"అడవి తరఫున ఏమంటావు?" అంది పెద్దేనుగమ్మ.

"ఒప్పుకుంటున్నానమ్మగారూ. దొర నిద్రపోయారు. అది తప్పే," అంది చుక్కమ్మ.

కుక్క తల కాళ్ల మధ్య పెట్టేసుకుంది. సీతాలు పిల్లల్ని ఇంకా దగ్గరికి లాక్కుంది. చుక్కమ్మకి దానివైపు చూడాలనిపించింది గానీ, చూస్తే తన గొంతు మారుతుందని చూడలేదు.

"నీది వెన్నలాంటి మనసు చుక్కమ్మత్తా," అన్నాడు సత్తెయ్య.

"నిజం ఎవరిదైనా నిజమే అల్లుడూ. అన్నట్టు, దొర నిద్రపోయినప్పుడు నువ్వు చెప్పిన మాటలు ముఖ్యమైనవేనా?"

"ముఖ్యమా అంటావేంటత్తా? నా ప్రాణమంతా ఆ మాటల్లోనే ఉంది."

"అవి వింటే నువ్వెలాంటివాడివో తేలిపోతుందా?"

"అద్దంలో చూసినట్టు."

చుక్కమ్మ పెద్దేనుగమ్మ వైపు తిరిగింది. "అమ్మగారూ, తప్పు జరిగిన చోటే దాన్ని సరిదిద్దండి. దొర వినని మాటలు మీరు వినండి. రికార్డులోనే ఉన్నాయి. అవి విన్నాక ఇతను నిర్దోషి అనిపిస్తే, శిక్ష కొట్టెయ్యమని నేనే అడుగుతాను."

"నీకు సమ్మతమేనా?" అని పెద్దేనుగమ్మ సత్తెయ్యని అడిగింది.

సత్తెయ్యకి తను ఆ రోజు ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. అంత బాగా ఎప్పుడూ ఏడవలేదు. పెదవి విప్పకుండా గొణిగిన మాట ఎక్కడో పైకొమ్మ మీదున్న గోరింకకి వినబడుతుందని వాడు కలలో కూడా అనుకోలేదు.

"సమ్మతమేనమ్మా. ఒక్క అక్షరం కూడా వదలొద్దు. ఎలా అన్నానో అలాగే వినండి," అన్నాడు.

ముత్యాలు గొంతు సవరించుకుంది.

"'దొరా, ఆ రోజు నాకు ఉపవాసం.' గుర్ర్. 'పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.' గుర్ర్ర్." ఇక్కడ ముత్యాలు గొంతు తగ్గించింది. అచ్చం సత్తెయ్య గుసగుస. "'దొర నిద్రపోయాడే సీతాలూ. ఐదూ భలే లేతగా ఉన్నాయి. మిగిలిన రెండూ ఏ పొదలో ఉన్నాయో నాకు తెలుసు. నోరు విప్పావంటే వాటికీ అదే గతి.' గుర్ర్. 'అయ్యో దొరా, చీమకి కూడా హాని చెయ్యనివాణ్ణి.'"

సత్తెయ్య కళ్లు తుడుచుకోవడం మానేశాడు.

"అమ్మగారూ, అది… అది సొంత మాట. రికార్డు కాదు."

"ఒక్క అక్షరం వదలొద్దన్నది నువ్వే," అంది పెద్దేనుగమ్మ. "దొర వినాల్సినంతా నేను విన్నాను. శిక్ష ఖాయం. ఎలుగుదొరా, ఇకమీద విచారణ రోజున మీరు తేనె ముట్టకూడదు."

ఎలుగుదొర బుద్ధిగా తలూపారు. మధ్యాహ్నం కాకముందే సత్తెయ్య తోక ముడుచుకుని వాగు దాటాడు.

వాణ్ణి సాగనంపి వచ్చిన కుక్క మడుగు ఒడ్డున కూలబడింది. "గొంతైనా పెంచలేదు. పైగా వాడి మాటే ఒప్పుకున్నావు. నక్క తోక తొక్కొచ్చావా ఏంటి?"

"వాడు గురక దాకానే విన్నాడు. నేను గురక దాటి విన్నాను, అంతే."

సీతాలు నీళ్ల అంచుకి వచ్చి నిలబడింది. రెక్కలు రెండూ విప్పింది. పిల్లలిద్దరూ బయటికొచ్చి, ఒడ్డున ఆరేసినట్టున్న చుక్కమ్మ తోక మీదెక్కి ఆడుకోవడం మొదలెట్టారు. చుక్కమ్మ తోక కదపకుండా నెమరేసుకుంటూ కూర్చుంది, ఈగలు ముసురుతున్నా సరే.

నీతి: తన గోడు ఒక్క అక్షరం వదలకుండా వినమని పట్టుబట్టేవాడు, ముందు దాన్ని తనొకసారి పూర్తిగా విని రావాలి.