పుల్లయ్య వాటా

నల్లరేగడి చేలకీ ఎర్రమట్టి గుట్టలకీ మధ్యన ఉన్న ఒక ఊరి చివర, ఓబులేసు అనే రైతుకి తాటాకు కప్పిన కొట్టం ఒకటి ఉండేది. ఆ కొట్టంలో నాలుగు జీవాలు కాపురం చేసేవి. నుదుట తెల్లమచ్చ ఉన్న బొల్లెమ్మ అనే గేదె ఆ ఇంటికి పెద్దమ్మ. ఎవరు ఎక్కడ పడుకోవాలో, కుడితి తొట్టి దగ్గర ఎవరు ముందో, ఎవరు వెనకో ఆమె చెప్పిందే మాట. ఆమె తర్వాత చుక్క. అది తొలిచూడి ఆవు, ఒళ్లంతా ముద్దు, బుర్ర నిండా సోకు. మూడోది సింగారి అనే మేక. దాని నోటికి ఆకైనా ఒకటే, మాటైనా ఒకటే, ఊరికే ఉండదు. ఇక పుల్లయ్య. జీవితమంతా నాగలి లాగి లాగి మెడ మీద కాయ కాసిన ముసలి ఎద్దు. పళ్లు అరిగిపోయాయి, నడక నెమ్మదించింది. ఎవరేమన్నా తల ఊపి నెమరేసుకోవడం తప్ప ఎదురు చెప్పి ఎరగడు.

ఆ ఏడు జొన్న కంకి వేసే వేళకి వాన మొహం చాటేసింది. కళ్లం పక్కన ప్రతి ఏడూ కొట్టం కప్పును దాటి లేచే చొప్పవామి, ఈసారి మనిషెత్తు దగ్గరే ఆగిపోయింది. ఎండలు ఇంకా మొదలు కాలేదు.

ఒక పొద్దున ఓబులేసు భార్య సుబ్బరత్తమ్మ పాలు పిండుతుంటే, ఓబులేసు గుంజకి ఆనుకుని మాట్లాడాడు. చొప్ప కొనే శక్తి తమకి లేదన్నాడు. వామి వానల దాకా వస్తే సరే, రాకపోతే ఒక నోరు తగ్గించుకోక తప్పదన్నాడు. గేదె పాలిస్తుంది, ఆవు ఈనబోతోంది, మేక తన మేత తానే వెతుక్కుంటుంది. ఎద్దు పేరు మాత్రం ఎత్తలేదు. సుబ్బరత్తమ్మ చేతులు పొదుగు దగ్గర ఆగిపోయాయి. పుల్లయ్యను తోలుకెళ్లి సంతలో ఎవరికిస్తావని అడిగింది. ఆయన తలగుడ్డ దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు.

పాలిస్తూ నిలబడ్డ బొల్లెమ్మ ఇదంతా వింది. పని చేయలేని ఎద్దు సంతకు పోతే ఎక్కడికి చేరుతుందో కొట్టంలో పుట్టిన దూడకైనా తెలుసు.

పుల్లయ్య కుడితి తాగడానికి వెళ్లినప్పుడు ఆమె చుక్కనీ సింగారినీ దగ్గరికి పిలిచి సంగతి చెప్పింది. చుక్క కళ్లు నీళ్లతో నిండాయి. పుల్లయ్య తాతకి చెబుదామా అంది సింగారి.

"వద్దు," అంది బొల్లెమ్మ. "మా అన్న సంగతి నాకు తెలుసు. మనకి భారమవుతున్నానని తెలిస్తే తనే లేచి సంతదారి పడతాడు. ఆయనకి చెప్పొద్దు. వామిని వానల దాకా లాగుదాం."

ఎలా లాగాలో ఆమె ఆ సాయంత్రమే చూపించింది. ఓబులేసు పూటపూటా గాడిలో చొప్ప కట్టలు వేస్తాడు. ఇన్నాళ్లూ ఎవరికి అందింది వాళ్లు పీక్కుని ఆకు మాత్రం తిని, గట్టి మొదళ్లు కాళ్ల కింద తొక్కేవాళ్లు. చుక్కయితే తల విదిలించి సగం కట్టని పేడలో పడేసేది. పొద్దున్నే సుబ్బరత్తమ్మ అదంతా ఊడ్చి పెంటకుప్ప మీద పోసేది. ఇప్పుడు బొల్లెమ్మ వాటాలు వేసింది. మెత్తటి ఆకు పళ్లు లేని పుల్లయ్యకి. నడిమి కాడలు చుక్కకి. దవడ బలమున్న తనకి మొదళ్లు. వాగు మడుగులో పొర్లి వచ్చేటప్పుడు ఒళ్లంతా నీళ్లు కారుతుంటాయి కదా, గాడి దగ్గర నిలబడి ఒక్కసారి విదిల్చుకునేది. ఎండిన చొప్ప ఆ తడికి మెత్తబడేది. నమలడం తేలికయ్యేది, ముక్కలు ఎగిరి కింద పడేవి కావు. సింగారి తుమ్మచెట్టుకి ముందుకాళ్లు ఆనించి లేచి కాయలు రాల్చేది. పగలు రైతు పలుపులు విప్పేస్తాడు కాబట్టి, అందరూ ఎండ ముదరకముందే వాగు గట్టున దొరికింది మేసి ఇల్లు చేరేవాళ్లు.

గాడిలో శుభ్రంగా మిగిలిన కట్ట కనబడితే ఓబులేసు ఆ పూట వామి నుంచి కొత్తది లాగేవాడు కాదు. మొదట్లో ఆశ్చర్యపోయాడు గానీ, తర్వాత అలవాటుపడ్డాడు. రోజూ ఎంతో కొంత మిగిలేది. బొల్లెమ్మ ఆ మిగిలిన కట్టకేసి చూసుకుని కడుపు నిండినట్టు మురిసిపోయేది.

ఆ రోజుల్లోనే ఊళ్లోకి ఒక ఆంబోతు దిగబడింది. ఏ ఇంటి కట్టుకొయ్యకీ చెందనిది. నున్నటి ఒళ్లు, ఎత్తయిన మూపురం, నేలని ఊడ్చే గంగడోలు. బొల్లెమ్మ మడుగుకి వెళ్లిన వేళ చూసి, కళ్లం కంచె పక్కన నిలబడి చుక్కతో మాట కలిపేది. తను మేసిన పెద్దపెద్ద లోగిళ్ల గురించి చెప్పేది. అక్కడ పడుకోవడానికి కూడా కొత్త గడ్డి పరుస్తారట. ఒకరు నమిలిన కట్టలో ఇంకొకరు మూతి పెట్టరట.

"నీలాంటి సొగసుగత్తె మిగిలిపోయిన కాడలు తినడమేమిటి చుక్కా," అంది ఒకరోజు. "ఇంటికి వచ్చిన బావకి ఒక కట్ట పెట్టలేనంత లేమి అయిపోయిందా మీకు?"

చుక్కకి తల కొట్టేసినట్టయింది. తమ ఇల్లు పేదిల్లని ఒకరి చేత అనిపించుకోవడం దానికి ఇష్టం లేదు. వామికి వెనక వైపు వెళ్లి, కొమ్ముతో ఒక కట్ట లాగి ఆంబోతు ముందు పడేసింది. ఒక్కరోజుకే అనుకుంది. మర్నాడు ఆంబోతు మళ్లీ వచ్చింది. పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది చుక్కకి. ముందు నుంచి చూస్తే వామి నిండుగానే ఉంది. వెనక మాత్రం గుహలా తొలుచుకుపోతోంది.

ఇలా ఉండగా ఒక సాయంత్రం ఓబులేసు పుల్లయ్య డొక్కల మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఎముకలు ఒక్కొక్కటీ వేళ్లకి తగులుతున్నాయి. ఎద్దు వల్ల కావడం లేదనీ, కూలబడిపోకముందే ఈ అమావాస్య దాటాక సంతకు తోలుకెళతాననీ భార్యతో అన్నాడు.

బొల్లెమ్మ నివ్వెరపోయింది. వామి ఇంకా ఉంది. గాడిలో కట్టలు మిగులుతున్నాయి. మెత్తటి ఆకంతా ఏరి ఆయన ముందే పెడుతోంది. మరి ఈ మనిషి ఇలా చిక్కిపోవడమేమిటి? ఇన్నాళ్లూ వామినే చూస్తూ తను అన్న ఒంటికేసి చూడనే లేదని అప్పుడు తట్టింది.

మర్నాడు ఆమె మడుగులోకి దిగినట్టే దిగి వెంటనే వెనక్కి వచ్చింది. కొట్టం గుమ్మంలో అడుగు పెట్టేసరికి పుల్లయ్య తన ముందున్న ఆకుని మూతితో మెల్లగా నెడుతున్నాడు. నెట్టి నెట్టి, మిగిలిన కట్ట కింద దాచి, పైన కాడలు సర్దాడు. తర్వాత వెళ్లి తన చోట పడుకుని, తిన్నవాడిలాగే నెమరేస్తున్నట్టు దవడ ఆడించాడు. నోట్లో ఏమీ లేదు.

బొల్లెమ్మ వెళ్లి ఆయన పక్కన కూలబడింది.

"ఎన్నాళ్ల నుంచి అన్నా ఈ పని?"

పుల్లయ్య దొరికిపోయిన పిల్లాడిలా తల దించుకున్నాడు. "మీరంతా కాడకి కాడ ఏరుకుని తింటున్నారు. నువ్వు మొదళ్లు నముల్తున్నావు. ఇంట్లో కరువొచ్చిందని నాకు అర్థం కాదా అమ్మాయ్? పనిలేని కడుపు నాది. చుక్క ఒట్టి మనిషి కాదాయె. నా వాటా దానికి పనికొస్తుందని..."

"దానికి పోలేదు అన్నా. మిగిలిన దాంట్లో చేరింది." ఆమె పుల్లయ్య వైపు తిరిగింది. "కట్ట మిగిలిందని రోజూ మురిసిపోయాను. అందులో సగం నీ ఆకలని తెలుసుకోలేకపోయాను."

అప్పుడు దాచకుండా అన్నీ చెప్పింది. ఓబులేసు అన్న మాట, సంత, వామి వానల దాకా రావాలన్న ఆశ, ఆయనకి చెప్పకుండా ముగ్గురూ చేసుకున్న ఏర్పాటు. పుల్లయ్య చెవులు వాల్చి విన్నాడు. నేను మిమ్మల్ని నిలబెడదామని తిండి మానేశాను, మీరు నన్ను నిలబెడదామని తిండి దాచారు అని మెల్లగా అన్నాడు. ఆయన కంట్లోంచి ఒక కన్నీటి బొట్టు జారి మూతి మీదకి వచ్చింది. బొల్లెమ్మ దాన్ని నాలుకతో తుడిచింది.

గుంజ అవతల ఇదంతా వింటున్న చుక్క ఇక ఆగలేకపోయింది. వచ్చి పుల్లయ్య కాళ్ల దగ్గర తల ఆనించి, వామి వెనక చేసిన పని చెప్పేసింది. తాత నోరు కట్టుకుని దాచిన మేతని తను పరాయివాడి మెప్పు కోసం పెట్టేశానని ఏడ్చింది. బొల్లెమ్మకి కోపం వచ్చిన మాట నిజమే. కొమ్ము కూడా ఎత్తింది. పుల్లయ్య మధ్యలో మెడ చాచి, చూడితో ఉన్న పిల్లని ఏడిపించొద్దని అన్నాడు. తనకి చెప్పి ఉంటే తనూ వాళ్లతో కలిసేవాడినని కూడా అన్నాడు. ఆ మాటకి బొల్లెమ్మ కొమ్ము దించేసింది. దాచిపెట్టడంలో మొదటి తప్పు తనదే.

ఆంబోతు సంగతి నేను చూసుకుంటానంది ఆమె.

మర్నాడు ఆంబోతు వచ్చేసరికి కంచె దగ్గర చుక్క లేదు. బొల్లెమ్మ ఉంది. మొహం చిట్లించుకుంటుందని అనుకుంటే, ఆమె ఎదురెళ్లి ఆదరంగా పలకరించింది.

"రావయ్యా, నీకోసమే చూస్తున్నాను. ఎండన పడి వచ్చావు, లోపలికి వచ్చి పుల్లయ్య చోట కూర్చో. ఇక అది నీదే."

"నాదెలా అవుతుంది?" అంది ఆంబోతు.

"మా అన్న ముసలివాడయ్యాడు కదా, ఏరువాకకి మా రైతుకి ఎద్దు కావాలి. నిన్న వామి వెనక నీ గిట్టల గుర్తులు చూశాడు. ఇంత మేత తిన్నవాడికి ఇంత బలమూ ఉంటుంది, కాడి మెడన వేస్తే సరి అన్నాడు. తాడు పేనుతున్నాడు. నువ్వు మొహమాటపడకుండా తిను. ఎంత తింటే అంత దున్నొచ్చు."

అందులో కల్పించింది ఏమీ లేదు. ఓబులేసు వామి వెనక తొలిచిన చోటు చూసి తిట్టుకుంటూ అన్న మాటలే అవి. కళ్లం మూల కూర్చుని అతను నిజంగానే నార పేనుతున్నాడు. ఆంబోతు అటు చూసింది, ఓబులేసు చేతిలో పొడుగవుతున్న తాడుని చూసింది. తిన్న తిండికి పని చెయ్యడమన్న ఆలోచన దానికి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ రాలేదు. దాహంగా ఉంది, నీళ్లు తాగి వస్తానంది. వాగు వైపు నడుస్తూ నడుస్తూ పరుగందుకుంది. గంగడోలు ఊగుతుంటే గుట్ట దాటిపోయింది.

అమావాస్య ఇంకా దూరంగానే ఉంది. ఆ రోజుల్లో కొట్టంలో పొదుపు మానలేదు గానీ, వాటాలు మాత్రం అందరి కళ్ల ముందే పడ్డాయి. పుల్లయ్య ఆఖరి ఆకు మింగేదాకా బొల్లెమ్మ ఆయన ఎదురుగా నిలబడేది. సింగారి కాయలు తెచ్చి నోటి దగ్గర పెట్టి, మింగావా లేదా నోరు తెరిచి చూపించమనేది. చుక్క ఎప్పుడు తల విదిల్చినా ఒక్క పుల్ల కింద పడనిచ్చేది కాదు. పడితే తనే వంగి ఏరుకునేది. కూర్చుని తినేవాడిగా ఉండటం పుల్లయ్యకి నచ్చలేదు. వామి పక్కనే పడుకుని, దారిన పోయే గొడ్లు మూతి పెట్టకుండా పగలంతా కాపలా కాశాడు.

సంత రోజు పొద్దున ఓబులేసు కొత్త పలుపు భుజాన వేసుకుని వచ్చాడు. సుబ్బరత్తమ్మ రానని ఇంట్లోనే ఉండిపోయింది. కొట్టంలో ఎవరూ కదల్లేదు. అతను పుల్లయ్య డొక్కల మీద చెయ్యి వేశాడు. వేళ్లకి ఎముక తగల్లేదు. మళ్లీ నిమిరి చూశాడు. తర్వాత బయటికి వెళ్లి వామి చుట్టూ తిరిగాడు. గాడి కింద ఒక్క కాడ తొక్కుడు పడకుండా ఉండటం చూశాడు. మిగిలిన కట్టలు ఎత్తి చూశాడు.

లోపలికి వచ్చి, పలుపు పుల్లయ్య మెడలో కట్టి, దాని రెండో కొస సంతదారి వైపు కాక పాత గుంజకే ముడి వేశాడు. "వామి వానల దాకా వచ్చేస్తుందే," అని ఇంట్లోకి వినబడేలా భార్యతో అన్నాడు. సుబ్బరత్తమ్మ పరుగున వచ్చి ఎద్దు మెడ కావలించుకుంది.

వామి అడుగు కనబడే వేళకి తొలి వాన కురిసింది. చుక్క ఈనింది, తెల్లని కోడెదూడ. ఊళ్లో ఎక్కడా మేత దొరక్క చిక్కి సగమైన ఆంబోతు, తడుస్తూ కొట్టం చూరు కిందకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మని అడగడానికి దానికి మొహం చెల్లలేదు. పుల్లయ్యే జరిగి చోటిచ్చాడు. కాడి సంగతి మళ్లీ ఎత్తొద్దని ఆంబోతు బతిమాలుకుంది. తెల్లారాక గట్టున పచ్చిక మొలుస్తుంది, ఒళ్లు వంచి మేసుకో అని బొల్లెమ్మ అంది. పుల్లయ్య దూడని ముక్కుతో తన పొట్ట దగ్గరికి తోసుకుని, ఆ వెచ్చదనంలో కునుకు తీశాడు.

ఒకరు కడుపు మాడ్చుకుంటే మిగిలేది పొదుపు కాదు. ఇంటిల్లిపాదీ మనసు విప్పి మాట్లాడుకుని, ఉన్నదాన్ని నేలపాలు చెయ్యకుండా వాడుకుంటే నిలిచేదే పొదుపు.