పేరిందేవి గిల్లనివ్వని సెగ్గడ్డ

అనగనగా మిరపచేల నడుమ ఒక ఊరుండేది బుజ్జీ. ఆ ఊళ్ళో ఏడుకొండలని ఒక సన్నాయి మేళగాడు ఉండేవాడు. అతను ఊదితే గుక్కపట్టిన పిల్ల కూడా ఊరుకునేది. తల్లి లేని అతన్ని అక్క పేరిందేవే పెంచింది.

ఒక మాఘమాసంలో పెద్ద పెళ్ళికి మేళం ఒప్పుకున్నాడు. అప్పుడే అతని పైపెదవి మీద, ముక్కు కిందుగా, ఒక సెగ్గడ్డ లేచింది. ముందు కందిగింజంత. ఆ తర్వాత రేగుపండంత. మూతి కదిలిస్తే చాలు, ప్రాణం విలవిల్లాడేది.

అప్పుడు మేనమామ వచ్చాడు. "రెండు వేళ్ళతో నొక్కితే చీము మొత్తం పోతుంది, ఇటు తిరగరా" అన్నాడు. పేరిందేవి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ తర్వాత డోలు వాయించే చెంచయ్య తుమ్మముల్లు తెచ్చాడు. దాన్ని ఆవిడ పెరట్లోకి గిరాటేసింది. ఆ తర్వాత పక్కింటి ముసలమ్మ సున్నం, బెల్లం నూరి తెచ్చింది. "నీ ప్రేమ చాలు పిన్నమ్మా, ఆ పట్టు వద్దు" అని దణ్ణం పెట్టి పంపించింది.

"పెళ్ళి దగ్గరికొచ్చేసిందక్కా! నేనే గిల్లేసుకుంటా" అన్నాడు ఏడుకొండలు, అద్దం పట్టుకుని.

ఆవిడ అద్దం లాగేసుకుంది. "గిల్లితే చీము బయటికే వస్తుందని ఎవరు చెప్పార్రా? లోపలికీ పోతుంది. నీ చెయ్యి దానిమీద పడిందో, నా చెయ్యి నీ వీపు మీద పడుద్ది!"

ఏం మనిషి బుజ్జీ ఆవిడ! ముందు చేతులు సబ్బుతో కడుక్కునేది. మరిగించిన నీళ్ళు గోరువెచ్చగా అయ్యాక శుభ్రమైన గుడ్డ ముంచి, పిండి, మెల్లగా కాపడం పెట్టేది. ఆ గుడ్డ మళ్ళీ ఉడకేసేది. అతని తువ్వాలు ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

అయినా ఒక పొద్దున వాపు కంటిదాకా పాకింది. ఒళ్ళు కాలిపోతోంది. "అప్పుడే నొక్కనిస్తే పోయేది కదా" అని అందరూ ఆవిణ్ణే తిట్టారు. ఆవిడ మాత్రం కాపడం గుడ్డ పక్కన పెట్టేసి, "ఇది ఇక ఇంట్లో తగ్గేది కాదు" అంటూ తమ్ముణ్ణి ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

"దీన్ని ఎవరైనా నొక్కారా?" అనడిగింది డాక్టరమ్మ.

"నొక్కనివ్వలేదమ్మా."

"మంచిపని చేశావు. ముక్కు దగ్గరి గడ్డ నొక్కితే విషం తలకెక్కొచ్చు. వాపు, జ్వరం చూసి వెంటనే తెచ్చావు, అదింకా మంచిది."

అప్పుడు నరానికి మందెక్కించారు. ఆ తర్వాత మత్తిచ్చి, చిన్న గాటు పెట్టి చీము తీశారు. ఆ తర్వాత మాత్రలిచ్చి ఇంటికి పంపారు. నొప్పి పోగానే మాత్రలు మానేస్తానన్నాడు తమ్ముడు. అన్నీ అయిపోయేదాకా ఆవిడ వదిలితేగా!

ఈలోగా ఆ పెళ్ళి వేరే సన్నాయితో జరిగిపోయింది. ఏడుకొండలు గోడవైపు తిరిగి ఏడ్చాడు.

పుండు మానింది. ఇక ఊదొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ సాయంత్రం అతను స్నానం చేసి, సన్నాయి తీసి, ఏ పెళ్ళికీ పోకుండా అక్క గుమ్మం ముందే నిలబడి కల్యాణి రాగం అందుకున్నాడు. మొగుడు పోయినప్పటినుంచి ఆవిణ్ణి ఏ శుభకార్యానికీ ఎవరూ పిలవలేదు బుజ్జీ.

"ఎవరి పెళ్ళిరా ఇది?" అంది ఆవిడ, చేట పట్టుకుని బయటికొచ్చి.

"పెళ్ళెందుకక్కా? ఇది నీకే."

చెంచయ్య డోలు తెచ్చి పక్కన చేరాడు. మేనమామ పీట తెచ్చి ఆవిడకి వేశాడు. ఆవిడ కూర్చుంది, మహారాణిలా.

గిల్లని గడ్డ మానింది,
గుమ్మంలో పాట మోగింది,
కథ కంచి దారి పట్టింది,
నీ కంట్లో నిద్దర పుట్టింది.