కుండ వేడి, ఒంటి వేడి

కాలువ గట్టును ఆనుకుని ఉన్న రేకుల వీధిలో వీరవేణి అనే ఆవిడ ఉండేది. పూతరేకులు తీయడంలో ఆమెను మించినవాళ్ళు లేరు, తన తప్పు ఒప్పుకోకపోవడంలోనూ ఆమెను మించినవాళ్ళు లేరు.

ఆ వీధిలో ఇంటికో కుండ ఉండేది. నీళ్ళ కుండ కాదు, పొయ్యి మీద బోర్లించిన మట్టికుండ. దాని కింద ఎండు కొబ్బరాకులు మండుతుండేవి. పల్చగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కాలిన కుండ వీపు మీద ఒక్కసారి లాగితే, కాగితం కంటే పల్చని రేకు లేచేది. అందులో నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడిస్తే పూతరేకు. చెప్పడానికి ఇంతే. చేయి తిరగడానికి మాత్రం ఏళ్ళు పట్టేది. కుండ వేడి చాలకపోతే రేకు తడిగా అంటుకుని చిరుగుతుంది. వేడి మించితే పెళుసుబారి పొడైపోతుంది.

ఆ వేడిని వీరవేణి చెంపతో చూసేది. కుండకు జానెడు దూరంలో చెంప పెట్టి, "పెంచు" అనో, "తగ్గించు" అనో అనేది. పొయ్యి వెనక కూర్చుని ఆకులు తోసే మనిషి ఆ మాట ప్రకారమే చేయాలి. రేకు తీసే మనిషి చెప్పిందే వేదం, మంట పెట్టే మనిషి సొంత తెలివి చూపకూడదు. అది ఆ వీధి కట్టుబాటు. వీరవేణికి మంట పెట్టేది ఆమె తోటికోడలు రామతులసి. ఇరవై ఏళ్ళుగా ఆ ఇద్దరి మధ్య కుండ ఉంది కానీ పొరపొచ్చాలు లేవు.

ఆ మార్గశిరంలో రామతులసి కూతురు చందనకు సీమంతం కుదిరింది. వీరవేణికి ఆడపిల్లలు లేరు. చందనను చంకనెత్తుకుని పెంచింది ఆమే. ఆ పిల్ల అత్తవారి ఊరి నుంచి ఫోన్ చేసి, "పెద్దమ్మా, సారెలో నీ చేతి పూతరేకులే రావాలి. మా వాళ్ళందరికీ చెప్పేశాను" అంది.

"మూడు వందలు పంపిస్తానే! మీ అత్తగారు వేళ్ళు కూడా నాక్కోవాలి" అంది వీరవేణి.

గడువు పది రోజులు. ఆమె చేతికి అది లెక్కలోది కాదు. కానీ మొదటి రోజే కుండ ఎదురు తిరిగింది.

కుండ దగ్గర చెంప పెట్టగానే వీరవేణికి మొహం భగ్గుమంది. "ఏం మంటే అది, కొంప అంటించేలా! తగ్గించు!" అని అరిచింది.

రామతులసి రెండు ఆకులు బయటికి లాగింది. "తగ్గించానక్కా."

"ఇంకా తగ్గించు!"

ఇంకా తగ్గించింది. వీరవేణి గుడ్డ లాగింది. రేకు లేవలేదు. తడి గుడ్డలా కుండకు అంటుకుని, గోరు తగలగానే ముక్కలైంది. ఇరవై లాగితే మూడు నిలిచాయి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వీరవేణి ముందు బియ్యాన్ని తిట్టింది. బియ్యం మార్చింది. తర్వాత గుడ్డను తిట్టింది. గుడ్డ మార్చింది. ఆ తర్వాత కుండను తిట్టి కొత్త కుండ తెచ్చి, నూనె పట్టించి మరీ ఎక్కించింది. ఎదురింటివాళ్ళ కళ్ళు పడ్డాయని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. వీధి వీధంతా దగ్గింది కానీ రేకు మాత్రం లేవలేదు. ఇక తిట్టడానికి మిగిలింది రామతులసి ఒక్కతే.

నిజానికి కొన్నాళ్ళుగా వీరవేణి ఒంట్లో ఏదో మారింది. ఆమెకు నలభై ఏడేళ్ళు. నెలసరి రెండు నెలలు మొహం చాటేసేది, మూడో నెల వచ్చి పది రోజులు కదిలేది కాదు. నిద్ర సరిగ్గా పట్టేది కాదు. అందరూ దుప్పట్లు కప్పుకుని వణుకుతుంటే ఆమె చెమటలు కక్కుతూ పమిటతో విసురుకునేది. ఎందుకో తెలియకుండా కన్నీళ్ళు వచ్చేవి. వాటిని చూసి ఆమెకే కోపం వచ్చేది. భర్త గంగరాజు, "ఒంట్లో బాగోలేదా వేణీ?" అని ఒకటి రెండుసార్లు అడిగాడు.

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను" అంది ఆమె.

గుండ్రాయికి చెమటలు పడతాయా అని అడిగే ధైర్యం గంగరాజుకు లేకపోయింది.

నాలుగో రోజు పాతిక రేకులు వరసగా చిరిగాయి. వీరవేణి గుడ్డను నేలకేసి కొట్టింది. "కన్నకూతురి సారె చెడగొట్టే తల్లిని నిన్నే చూశానే! ఏం ఏడుపు ఏడుస్తూ పెడుతున్నావో ఆ మంట!" అంది.

రామతులసి చేతిలోని ఆకు కింద పెట్టింది. లేచి చీర దులుపుకుంది. "అక్కా, ఇరవై ఏళ్ళలో నువ్వు చెప్పినదానికి ఒక్క ఆకు ఎక్కువ వేయలేదు, ఒక్క ఆకు తక్కువ వేయలేదు. నా మంట నీకు పనికిరాకపోతే వద్దులే. సారె రేకులు కొట్లో కొనుక్కుంటాం" అని వెళ్ళిపోయింది.

కొట్లో కొనుక్కుంటాం! చెంప మీద కొట్టినా వీరవేణికి అంత నొప్పి పుట్టేది కాదు. పెంచిన పిల్ల సారె, తన చేయి పడకుండా వెళ్ళిపోతుంది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పొయ్యి వెనక్కి వెళ్ళి ఆకులు తోసింది, ముందుకొచ్చి గుడ్డ లాగింది, మళ్ళీ వెనక్కి పరిగెత్తింది.

ఎదురింటి అరుగు మీద నుంచి అచ్చియ్యమ్మ ఇదంతా చూస్తోంది. డెబ్భై అయిదేళ్ళ ముసలావిడ. ఒకప్పుడు ఆ వీధిలో పేరు పడ్డ చేయి ఆమెది. ఒంటి మీద స్వెట్టరు, తలకు తువ్వాలు చుట్టుకుని, కర్ర పొడుచుకుంటూ వచ్చి పీట మీద కూర్చుంది.

"కుండ ఎలా ఉందే?" అని అడిగింది.

"నిప్పులా ఉంది మామ్మా. దగ్గరికి పోతే మొహం కాలిపోతోంది."

అచ్చియ్యమ్మ చెంబులో వేళ్ళు ముంచి కుండ మీద నీళ్ళు చిలకరించింది. కాలిన కుండ మీద బొట్టు పడితే చుయ్‌మని ఆవిరైపోవాలి. ఆ బొట్లు తాపీగా జారి పొయ్యి గట్టు మీదికి కారాయి.

వీరవేణి నోరు తెరిచింది.

"కుండ చల్లగానే ఉంది" అంది ముసలావిడ. చేయి చాపి వీరవేణి మెడ మీద పెట్టింది. మెడ చెమటతో తడిసి, సలసలా కాగుతోంది. "వేడి ఇక్కడుంది. నెలసరి సరిగ్గా వస్తోందా?"

ఆ మాట వినగానే వీరవేణి గుమ్మం వైపు చూసింది. "మెల్లగా మామ్మా! పొయ్యి దగ్గర ఏం మాటలివి?"

"ఎవరున్నారే ఇక్కడ? ఉన్న ఒక్కదాన్నీ తగిలేశావుగా!"

వీరవేణి తల వంచుకుంది. తర్వాత ఒక్కొక్కటిగా అన్నీ చెప్పేసింది. తప్పిపోయే నెలసరి, పట్టని నిద్ర, ఉన్నట్టుండి గుండెల్లోంచి మొహానికి ఎక్కే సెగ, కారణం లేని ఏడుపు. ఆరు నెలలుగా దాచుకున్నది చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

"నాకూ ఇంతేనే" అంది అచ్చియ్యమ్మ. "నీ వయసులో నేను మూడు కుండలు పగలగొట్టాను. చేతబడి అనుకున్నాను. మంట పెట్టే మా చెల్లెల్ని నానా మాటలూ అని వెళ్ళగొట్టాను. ఆరేళ్ళు మాటల్లేవు మాకు. ఆ ఆరేళ్ళూ మళ్ళీ రావు కదా! ఆ తర్వాతే చెంప మానేసి నీళ్ళు చల్లి చూడటం నేర్చుకున్నాను."

"మరి మాకెవ్వరికీ ఒక్క ముక్క చెప్పలేదేం?"

"సిగ్గేసింది" అంది ముసలావిడ. "నాకు మాత్రం ఎవరు చెప్పారు గనక? రేపు ఆసుపత్రికి వెళ్ళు. ఆ డాక్టరమ్మ మంచిది, కసురుకోదు."

మర్నాడు గంగరాజు బండి మీద వీరవేణి మండలం ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ అన్నీ అడిగి, పరీక్షలు రాసింది. ఫలితాలు చూసి, "రక్తం తక్కువగా ఉంది. ఎక్కువ రోజులు పోతోంది కదా, అందుకే ఈ నీరసం. దీనికి మాత్రలిస్తాను. స్కానింగు కూడా చేయించండి, మళ్ళీ అంతగా పోతే ఆగకుండా రండి. మిగతాదంతా జబ్బు కాదమ్మా" అంది.

"జబ్బు కాకపోతే ఈ చెమటలేంటండీ?"

"ముట్లు ఒక్కరోజులో ఆగిపోవు. ఆగేముందు కొన్నేళ్ళు ఒంట్లో హార్మోన్లు ఓసారి పెరుగుతాయి, ఓసారి తగ్గుతాయి. అందుకే ఈ సెగలు, ఈ నిద్ర లేకపోవడం, ఈ విసుగు. మీరు పొయ్యి ముందు కూర్చుంటారు కాబట్టి సెగలు ఇంకాస్త ఎక్కువ. మధ్యమధ్య లేచి గాలికి వెళ్ళండి. పల్చటి నూలు బట్టలు కట్టుకోండి. సాయంత్రం పూట కాఫీ మానేయండి, రోజూ కాసేపు నడవండి. అప్పటికీ తట్టుకోలేకపోతే రండి, మందులున్నాయి."

"కోపం కూడా దీనివల్లేనా అండీ?"

"చాలావరకు."

వీరవేణి మొహం వెలిగింది. "అయితే నా తప్పేం లేదన్నమాట!"

డాక్టరమ్మ నవ్వింది. "కోపం రావడం మీ తప్పు కాదు. అది తీసుకెళ్ళి ఎవరి నెత్తిన పోశారో, అది మాత్రం మీరే చూసుకోవాలి. దానికి నా దగ్గర మాత్రల్లేవు."

తిరిగి వస్తూ వీరవేణి భర్తకు అంతా చెప్పింది. గంగరాజు బండి నెమ్మది చేశాడు. "మరి నేనేం చేయాలి?" అని అడిగాడు.

"ఫ్యాను ఆపకండి, చాలు."

ఆనాటి నుంచి ఆ ఇంట్లో చలికాలమంతా ఫ్యాను తిరిగింది. గంగరాజు రెండు దుప్పట్లు, ఒక మంకీ క్యాపు వేసుకుని పడుకున్నాడు. ఎవరైనా అడిగితే, "మా ఇంట్లో రెండు కాలాలు ఒకేసారి వచ్చాయి" అనేవాడు.

కానీ రామతులసి ఇంటి గుమ్మం ఎక్కడం వీరవేణికి ఫ్యాను వేసుకున్నంత సులువు కాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరి ముందూ తప్పయిందని అనలేదు. సగం దూరం వెళ్ళి ఒకసారి వెనక్కి వచ్చేసింది. అచ్చియ్యమ్మ అరుగు మీద నుంచి, "ఆరేళ్ళే!" అని కేకేసింది. వీరవేణి మళ్ళీ తిరిగింది.

రామతులసి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. తోటికోడల్ని చూసి మొహం తిప్పుకుంది.

"తులసీ" అంది వీరవేణి. "తప్పు నీ మంటది కాదే. నా ఒంటిది. కుండ చల్లారిపోతుంటే నా మొహం కాలి, తగ్గించు, తగ్గించు అన్నాను. నువ్వు నా మాట విన్నావు. నేను నా ఒంటి మాట వినలేదు. పైగా తల్లిని పట్టుకుని అనకూడని మాట అన్నాను. తప్పయింది."

రామతులసి చేతిలోని తడి చీర తీగ మీద పడేసి దగ్గరికి వచ్చింది. "ఇన్నాళ్ళూ ఈ బాధంతా పడుతూ నాకు ఒక్క మాట చెప్పలేదేం అక్కా?" అంది. అని, ఏడ్చేసింది. వీరవేణి కూడా ఏడ్చింది. ఈసారి ఎందుకు ఏడుస్తోందో ఆమెకు బాగా తెలుసు.

గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఇద్దరూ కుండ దగ్గర కూర్చున్నారు. ఇప్పుడు వేడి చూసేది చెంప కాదు, చెంబులో నీళ్ళు. బొట్టు చుయ్‌మంటేనే గుడ్డ లాగేది. మధ్యలో సెగ ఎక్కితే వీరవేణి దాచుకోలేదు. "చుట్టం వచ్చిందే!" అనేది. రామతులసి లేచి కుండ ముందుకు వచ్చేది, వీరవేణి కాలువ గట్టు మీదికి వెళ్ళి చల్లగాలికి నిలబడి, మంచినీళ్ళు తాగి వచ్చేది. ఇరవై ఏళ్ళు మంట పెట్టిన రామతులసి రేకు తీయగలదని వీధికి అప్పుడే తెలిసింది. రేకులు తెల్లగా, మంచుపొరల్లా లేచాయి.

సారె వెళ్ళింది. మూడు వందల పూతరేకుల్లో ఒక్కటీ విరగలేదు. సాయంత్రానికి చందన ఫోన్ చేసింది. "పెద్దమ్మా, మా అత్తగారు నీ రేకులు నాలుగు తిన్నారు!"

"నావే కాదే. అందులో సగం మీ అమ్మ తీసినవి" అంది వీరవేణి. అంత మాట ఆమె నోట రావడం విని గంగరాజు మంకీ క్యాపు తీసి మరీ చూశాడు.

ఆ తర్వాత కూడా చుట్టం వస్తూనే ఉంది. కొన్ని రోజులు నిద్రా పట్టేది కాదు, విసుగూ పోయేది కాదు. కానీ అదేమిటో ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసిన చుట్టాన్ని చూసి ఎవరు భయపడతారు?

ఉగాది వెళ్ళాక ఒకరోజు వీధి చివర ఇంట్లోంచి కుండ పగిలిన చప్పుడు వినిపించింది. ఆ వెంటే ఆ ఇంటి రత్నవేణి మంట పెట్టే మనిషిని తిడుతున్న కేకలు. రత్నవేణికి నలభై ఆరేళ్ళు. వీరవేణి గుడ్డ పక్కన పెట్టింది. చెంబు నిండా నీళ్ళు ముంచుకుంది.

"ఎక్కడికక్కా?" అంది రామతులసి.

"మనకు ఆలస్యంగా తెలిసింది. దానికైనా త్వరగా తెలియనీ" అని వీరవేణి చెంబు పట్టుకుని వీధిలోకి నడిచింది.

నీతి: వయసుతో ఒంట్లో వచ్చే మార్పు సిగ్గుపడాల్సిన తప్పు కాదు, దాన్ని దాచుకుంటే ఆ సెగ అయినవాళ్ళను కాలుస్తుంది, తెలుసుకుని నోరు విప్పి చెప్పుకుంటే అయినవాళ్ళే చల్లగాలి అవుతారు.