యక్షుడి చీటీ

ముప్పైతొమ్మిది బొమ్మల దగ్గర రాని చిక్కు అంబుజకు నలభయ్యో బొమ్మ దగ్గర వచ్చింది.

ధర్మవరం దగ్గరి ఒక పల్లెలో తోలుబొమ్మలాడించే ఖండోజీరావు దగ్గర ఆమె రెండేళ్ళుగా శిష్యురాలు. ఆయన తండ్రి తన చేత్తో చెక్కి రంగులద్దిన నలభై బొమ్మల్ని సముద్రానికి అవతల ఒక మ్యూజియం వాళ్ళు ఏడాదిపాటు ప్రదర్శనకు అడిగారు. మర్నాడు పొద్దున్నే వ్యాను వస్తుంది. ఖండోజీకి మోకాళ్ళు మొరాయించాయి. అంబుజను రమ్మని ఎవరూ అనలేదు. అంటే బొమ్మలు ఒంటరిగానే వెళ్ళాలి. అక్కడ వాటి తరఫున మాట్లాడేవి వాటికి కట్టిన చీటీలు మాత్రమే.

మ్యూజియం వాళ్ళకో పద్ధతి ఉంది. చీటీ ముందువైపు పెద్ద అక్షరాలతో అదేమిటో ఒక్క ఇంగ్లీషు మాట రాయాలి. పేరు వెనకవైపు, చిన్నగా. అంబుజ ఇంగ్లీషులో డిగ్రీ చదివిన పిల్ల. ముప్పైతొమ్మిదీ ముందురోజు ఒక్క పూటలో రాసేసి, తన చదువు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చిందని మురిసిపోయింది కూడా.

మిగిలినవాడు యక్షుడు. కొలను దగ్గర ధర్మరాజును ప్రశ్నలతో నిలదీసినవాడు. ఆ కథ ఆడి పదేళ్ళు దాటింది. బొమ్మ పెట్టెలోకి ఎక్కకుండా గోడకే వేలాడుతూ ఉండేది. దాని ముందు కూర్చుని అంబుజ నాలుగు మాటలు రాసి నాలుగూ కొట్టేసింది.

"సామీ, యక్షుణ్ణి ఇంగ్లీషులో ఏమనాల?"

ఖండోజీకి వచ్చిన ఇంగ్లీషు బస్సు, టికెట్టు, లైటు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా రెండేళ్ళుగా ఏ చిక్కొచ్చినా ఆయన్నే అడగడం అలవాటైపోయింది.

"తక్కినోళ్ళకు ఏం రాసినావు పాపా?"

"మేనకకు ఫెయిరీ అని రాసినా."

"అంటే ఎట్లుంటాది?"

"చిన్న రెక్కలుంటాయి సామీ. వేలెడంత ఉంటాది. పూలల్లో తిరుగుతా ఉంటాది."

ఖండోజీ దండెం మీది మేనక వైపు చూశాడు. నాలుగడుగుల మనిషి. నడుమున చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"పాపం విశ్వామిత్రుడు. దీన్ని చూసేకి భూతద్దం తెప్పించుకోవాల్సిందేమో," అన్నాడు.

అంబుజ మూతి ముడుచుకుంది.

"గంధర్వునికి?"

"ఏంజెల్. దేవుడి మాట మోసుకొచ్చి మనుషులకు చెప్తారు సామీ, మంచోళ్ళు."

"మనోడు గంగలో ఆడోళ్ళతో జలకాలాడతా పాండవుల దావకు అడ్డం పడినోడు కదమ్మా. ఎవురి మాటా మోసినట్టు లేదే. అర్జునుని చేత దెబ్బలు మాత్రం తిన్యాడు."

అంబుజకు నవ్వూ వచ్చింది, ఉడుకుమోత్తనమూ వచ్చింది.

"నవ్వుతారేంది సామీ? వాళ్ళకు తెలిసిన మాటే రాయాల కదా. దగ్గరదగ్గరగా ఉండేది చూసి రాసినా. అదీ లేకుంటే వాళ్ళకు ఏం అర్థమయితాది?"

ఆ మాటలో న్యాయం ఉందనే అనిపించింది ఖండోజీకి.

"నిజమే. యక్షుని సంగతి తరవాత చూద్దాంలే. ముందు పెట్టె సర్దు."

పెట్టె సర్దడానికి వాళ్ళింట్లో ఒక పద్ధతుంది. రావణుడు, హిరణ్యకశిపుడు లాంటి వాళ్ళు అడుగున పడుకుంటారు. వాళ్ళ మీద ఒక పాత నూలు దుప్పటి రెండు మడతలు వేసి పరుస్తారు. దేవుళ్ళూ మంచివాళ్ళూ దుప్పటి పైన. కలిపి పెడితే రాత్రుళ్ళు లోపల కొట్టుకుంటారని, తెల్లారేసరికి రంగులు పగులుతాయని ఖండోజీ తాతలనాటి నమ్మకం. రంగులు పగిలేది ఎండకేనని అంబుజకు తెలుసు. అయినా ఈ రెండేళ్ళలో ఒక్క బొమ్మను కూడా తప్పు చోట పెట్టి ఎరగదు.

ఆ రోజు ఖండోజీ తనే ఒక్కో బొమ్మను పాత పంచె ముక్కలో చుట్టి, చీటీ ముందువైపు కనబడేలా పైన కట్టాడు. ముప్పైతొమ్మిది మూటలయ్యాయి.

"మూట విప్పొద్దు. చీటీ తిప్పొద్దు. పెద్దగా రాసిన మాట చూసి సర్దు. అక్కడోళ్ళు చూసేదీ అదే కదా," అన్నాడు.

ఇదేం పరీక్షో అంబుజకు అర్థం కాలేదు. పని మాత్రం సులువుగానే ఉంది. చూడాల్సింది చీటీలే కాబట్టి చేతులు చకచకా సాగాయి. డెమన్ అని రాసినవి పదకొండు అడుగున పెట్టింది. దుప్పటి పరిచింది. మిగిలినవన్నీ పైన పేర్చింది. అరగంట కూడా పట్టలేదు.

"విభీషణుణ్ణి ఇట్ల తియ్యి పాపా," అన్నాడు ఖండోజీ సూదిలో దారం ఎక్కిస్తూ. "భుజం దగ్గర కుట్టు వదులైనట్టుండాది."

అంబుజ చెయ్యి నేరుగా పైకి, రాముడి పక్కకు వెళ్ళింది. ఎప్పుడూ అక్కడే ఉంటాడు. మూట విప్పితే లక్ష్మణుడు. ఇంకోటి విప్పితే సుగ్రీవుడు. మూడోది విప్పబోతూ ఆగిపోయింది.

మెల్లగా దుప్పటి ఎత్తి, అడుగు మూటలు విప్పింది.

విభీషణుడు రావణుడి కింద ఉన్నాడు. ఆమె అంతటితో ఆగలేకపోయింది. భయం భయంగా పక్క మూట విప్పింది. హిరణ్యకశిపుడు. ఆయన ఛాతీ కింది చిన్న మూటలో, మూరెడు కూడా లేని ప్రహ్లాదుడు చేతులు జోడించుకుని ఉన్నాడు. మూటకు చీటీ, చీటీ మీద తన చక్కటి చేతిరాతలో డెమన్.

అంబుజకు సిగ్గుతో ముఖం వేడెక్కింది. పిల్లవాణ్ణి గబుక్కున బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఖండోజీ విభీషణుణ్ణి అందుకున్నాడు. భుజం కుట్టుకుంటూ కూర్చున్నాడు.

"ఈడ నా చెయ్యి పైకే పోయింది," అంది. "ఆడ నేనుండను కదా సామీ."

"నా దగ్గరికి వచ్చినప్పుడు వీడు ఎవురని తెలుసు నీకు?"

"ఇంటి గుట్టు బయటపెట్టినోడని."

"మరి ఎప్పుడు మారినాడు?"

అంబుజ గుర్తు చేసుకుంది. "మీరు ఆడించినప్పుడు. అన్న కాళ్ళు పట్టుకోని ఏడిస్తే, అన్న తన్నినాడు చూడండి. అప్పుడు."

ఖండోజీ దారం కొరికి తెంపాడు.

"ఆ ముక్క రాసేకి చీటీలో చోటు లేదా?"

అంబుజ కొత్త చీటీలు తెచ్చుకుంది. ముందువైపు పేరే పెద్దగా రాసింది, వాళ్ళ అక్షరాల్లో మన పేరు. వెనకవైపు ఆ మనిషి ఏం చేశాడో ఇంగ్లీషులో రాసింది. మ్యూజియం వాళ్ళు కోప్పడితే కోప్పడనీ అనుకుంది. విభీషణుడికి, 'అన్నను బతిమాలి, తన్నులు తిని, ఏడుస్తూ వెళ్ళిపోయినవాడు' అని. ప్రహ్లాదుడికి, 'తండ్రి ఎంత బాధపెట్టినా తన మాట మార్చుకోని పిల్లవాడు' అని. మేనక దగ్గర చాలాసేపు ఆగి, చివరికి, 'పంపితే వచ్చి, బిడ్డను కని, వదిలి వెళ్ళవలసివచ్చినది' అని రాసింది. నిన్న ఒక్క పూటలో అయిన పని ఈ రోజు సాయంత్రం దాకా సాగింది.

పెట్టె మళ్ళీ సర్దారు. ప్రహ్లాదుణ్ణి తనే నరసింహుడి పక్కన పడుకోబెట్టింది.

యక్షుడొక్కడు మిగిలాడు. చీటీ రాయడం ఇప్పుడు కష్టం కాలేదు. 'నీళ్ళ దగ్గర నిలబడి, జవాబు చెప్పందే తాగనివ్వనివాడు.' బొమ్మను రెండు చేతులా పట్టుకుని పెట్టె మీదికి వంగింది. వంగి, అలాగే ఉండిపోయింది.

"వీణ్ణి యాడ పెట్టాల సామీ? ధర్మరాజు తమ్ముళ్ళు నలుగుర్నీ పడగొట్టింది వీడే. మళ్ళా లేపిందీ వీడే. కిందనా, పైనా?"

"నేనూ మా నాయన్ను అదే అడిగినా."

"ఏమన్నాడు?"

ఖండోజీ ఆమె చేతుల్లోంచి యక్షుణ్ణి తీసుకున్నాడు. దుప్పటి అంచు ఎత్తి, మడత విప్పి, ఆ మడతలో పడుకోబెట్టి, మళ్ళీ కప్పాడు.

"ఏమీ అనలేదు. ఇట్ల పెట్టినాడు."