తోడుపెట్టిన కమాను

ఒకానొక రాజ్యంలో, దాని పేరు మణిగిరి అనుకోండి, ప్రచండసేనుడనే రాజు ఉండేవాడు. ఆయనకు తెలియని విద్య లేదు. అంటే, ఆయన లెక్కలో! గుర్రాలకు నాడాలు కొట్టేవాడికి నాడా గురించీ, వైద్యుడికి నాడి గురించీ ఆయనే పాఠం చెప్పేవాడు. కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

అయితే తల్లి అంటే మాత్రం ఆయనకు ప్రాణం. రాజమాత మోకాళ్లు పట్టేసి, మేడ దిగలేక, ఏడాదిగా పైగదిలోనే ఉండిపోయింది. ఒక్కసారి తన కాళ్లతో నడిచి వెళ్లి పెరట్లోని మల్లెపందిరి దగ్గర కూర్చోవాలని ఆవిడ కోరిక. అందుకని రాజు కింద ఉన్న పాత ఆయుధశాలను ఆవిడకు గదిగా మార్పించి, పెరటివైపు గోడ తీయించి వంపు తిరిగిన కమాను ద్వారం కట్టించాలనుకున్నాడు. అదంతా వానాకాలం లోపల పూర్తి కావాలి.

పని ఈరన్న మేస్త్రికి అప్పగించారు. పని మొదలయ్యే రోజున ఇంటి యజమాని తన చేత్తో మేస్త్రికి తాంబూలం ఇవ్వడం ఆ ఊరి మర్యాద. రాజు దాన్ని నౌకరు చేత పంపించాడు. దాంతోపాటే ఒక తాటాకు మీద ఆజ్ఞ కూడా వచ్చింది. ‘నా పని ఏదైనా సరే, మా భటులు గడియకోసారి కదిపి చూడాలి. ఎవరూ ఎదురు చెప్పరాదు.’

కొలువులో గవరయ్య అనే చమత్కారి ఉన్నాడు. ఆ ఆజ్ఞ కొలువులో చదివినప్పుడే లేచి, “ఏలినవారి పని ఏదైనానా? ఒక్క కట్టుబడి పనేనా?” అని అడిగాడు.

“ఏదైనా అంటే ఏదైనా!” అని రాజు మీసం దువ్వాడు.

ఈరన్న కర్రల ఊతాలు పెట్టి, గానుగ సున్నంతో కమాను లేపాడు. భటులు గడియకోసారి వచ్చి, సున్నం ఆరిందా లేదా అని ఇనుప చువ్వతో పొడిచి పోయేవారు. అయిదో రోజున రాజే వచ్చాడు.

“ఇంకా ఈ కర్రలేమిటి, అసహ్యంగా? తీసెయ్!”

ఊతాలు ఇరవై ఒక్క రోజులు ఉండాలి. ఆ సంగతి ఈరన్నకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

మేస్త్రీలకు ఒక కట్టుబాటు ఉంది. ఊతాలు తీసేటప్పుడు కట్టినవాడు ఆ కమాను కిందే నిలబడాలి. ఈరన్న కూలీలందరినీ దూరంగా పంపి, తాడు కట్టి ఊతాలు లాగమని, తానొక్కడే కింద నిలబడ్డాడు. కమాను కూలింది. ప్రాణం దక్కింది గాని ఎడమ చెయ్యి విరిగింది.

“చేతకాని మేస్త్రి! రేపు సూర్యాస్తమయానికల్లా పెళ్లాం బిడ్డలతో నా పొలిమేర దాటాలి!” అన్నాడు రాజు.

గవరయ్య ఈరన్న ఇంటికి వెళ్లాడు. చేతికి కట్టుతో అతను గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. భార్య మూటలు కడుతోంది.

“కూలుతుందని తెలిసి ఎందుకు చెప్పలేదయ్యా?”

“రాజుగారికి ఎదురు చెప్పే నోరు నాకెక్కడిది బాబూ? నిలబడటం ఒక్కటే నా చేతిలో ఉంది. నిలబడ్డాను.”

గవరయ్యకు కోపమూ వచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి. “ఆయన నోరు ఎక్కువై, నీ నోరు తక్కువై కూలిందయ్యా కమాను! రేపు నాతో కోటకు రా” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రాజు భోజనానికి కూర్చున్నాడు. ఆఖర్న అన్నంలో పెరుగు వడ్డించారు. పెరుగెక్కడిది? విరిగిన పాలలాగా విస్తరంతా పారింది.

“ఏమిటిది?” అని రాజు గర్జించాడు. వంటమనిషి నాంచారమ్మ చేతులు జోడించి, “తెల్లవారుజామునే తోడుపెట్టాను మహాప్రభూ. గడియకోసారి ఎవరో ఒకరు వచ్చి గరిటెతో కదిపిపోయారు” అంది.

“తోడుపెట్టిన పాలు కదపకూడదని పసిపిల్లలకు కూడా తెలుసే! ఎవడు కదిపింది? ఎవడు కదపమంటే కదిపాడు? తప్పు వంటమనిషిది కాదు, కదపమన్నవాడిది. వాణ్ణి పట్టుకురండి!”

గవరయ్య ముందుకు వచ్చి, తాటాకును విస్తరి పక్కన పెట్టాడు. కింద రాజముద్ర ఉంది.

“ఏదైనా అంటే ఏదైనా అన్నారు మహాప్రభూ. అందుకే భటులను వంటింటికీ పంపాను. సున్నమూ పాలలాంటిదే. పేరుకునేదాకా దాని జోలికి పోకూడదు. పెరుగు చెడితే ఒక పూట అన్నం చెడింది. అక్కడ చెడింది ఒక మనిషి చెయ్యి.”

వడ్డించేవాళ్ల చేతులు ఆగిపోయాయి. రాజు విస్తరి ముందునుంచి లేచాడు. తరవాత చెయ్యి కడుక్కుని, వాకిట్లో ఉన్న ఈరన్న దగ్గరికి తానే నడిచి వెళ్లాడు.

“మేస్త్రీ, మళ్లీ కడతావా?”

ఈరన్న ఒకసారి గవరయ్య వైపు చూసి, రాజుకేసి తిరిగాడు. “కడతాను మహాప్రభూ. కానీ ఇరవై ఒక్క రోజులు ఊతాలు తీయను. ఎవరినీ ముట్టుకోనివ్వను. తమరినైనా సరే.”

ఆ మాటకు భటులు ఉలిక్కిపడ్డారు. రాజు మాత్రం తాంబూలం తెప్పించి, తన చేత్తో ఈరన్న కుడిచేతిలో పెట్టాడు. రోజూ పొద్దున ఒక్కసారి వచ్చి, “ఎంతవరకు వచ్చింది మేస్త్రీ?” అని అడిగి వెళ్లేవాడు. ఈరన్న ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఒకనాడు ఇటుకలు సరిగా కాలలేదని, రెండు రోజులు ఆలస్యమని కూడా చెప్పాడు. రాజు పళ్లు కొరుక్కున్నాడు గాని, సరేనన్నాడు.

ఊతాలు తీసే రోజు వచ్చింది. ఆకాశంలో మబ్బులు కమ్ముతున్నాయి. ఈరన్న కమాను కింద నిలబడ్డాడు. ఇంతలో రాజు కిరీటం తీసి మంత్రి చేతికిచ్చి, వెళ్లి అతని పక్కన నిలబడ్డాడు.

“తమరెందుకు మహాప్రభూ?”

“కట్టినవాడు నిలబడాలన్నారు కదా. కట్టించినవాడు పక్కన లేకపోతే ఎలా?”

ఊతాలు ఒక్కొక్కటే తీశారు. చిటికెడు సున్నపు పొడి రాజు తలమీద రాలింది. కమాను కదల్లేదు. రాజు పైకి చూసి, ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. ఈరన్న కూడా నవ్వాడు.

ఈరన్నకు ఆస్థాన మేస్త్రి పదవి దక్కింది. “నీకేం కావాలి గవరయ్యా?” అని రాజు అడిగితే, “రేపు ఏలినవారి పంక్తిలో కదపని పెరుగు” అన్నాడతను.

సాయంత్రం రాజమాతను పల్లకిలో కిందికి దింపారు. ఆవిడ కొత్త గదిలోంచి, గోడ పట్టుకుని, నెమ్మదిగా తన కాళ్లతోనే కమాను దాటింది. మల్లెపందిరి కింద కూర్చోగానే మొదటి చినుకు పడింది.